వడ్డీవ్యాపారి పెట్టించిన నీళ్ల ప్లాంటు: ఊరు తూచేది పనినా, మనిషినా?

ప్రశ్న చదవనివారి కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీది పలాస దగ్గర ఉద్దానంలో ఒక ఊరు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పులిచ్చే జీడిపప్పు వ్యాపారి ఒకాయన ఈమధ్య సొంత డబ్బుతో మీ ఊళ్లో మంచినీటి ప్లాంటు పెట్టించారు. ప్రారంభోత్సవంలో ఆయనకు శాలువా కప్పాలని యువజన సంఘంలో సగంమంది అంటుంటే, తిత్లీ తుఫాను ఏడాది వడ్డీలో రూపాయి తగ్గించని మనిషికి శాలువా ఏమిటని మిగతా సగం అంటున్నారు. ‘ఆడు ఊరికినే ఇస్తాడేటి? పాపం కడుక్కుంతన్నాడు’ అన్నది వీధిలో వినిపించే మాట. అదే ఊళ్లో రిటైరైన మాస్టారు ఒకరు బడిపిల్లలకు నోటుపుస్తకాలు పంచితే అందరూ దేవుడన్నారు; ప్లాంటుకైన ఖర్చులో ఆ పుస్తకాల ఖర్చు ఏ మూలకూ రాదు. మంచిపని మంచిపనే కదా, ఈ తేడా ఎందుకు, ఇది అసూయేనా, ఇంతకీ శాలువా కప్పాలా వద్దా అని మీరు అడిగారు. విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం మనస్తత్వశాస్త్రం చెప్పినవాణ్ణి కనుకా, తిత్లీ తరవాత సాయం పంచే బృందాలతో మీ వైపు తిరిగినవాణ్ణి కనుకా కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అసూయ సంగతి మొదట తేల్చేద్దాం. అది ఏ ఊళ్లోనైనా ఉంటుంది, మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. కాని మీరు చెప్పిన తేడా మొత్తానికీ అది కారణం కాలేదు. ఆయనతో ఏ పోటీ లేని ముసలివాళ్లు, చివరికి ఆ ప్లాంటు నీళ్లే టిన్నుల్లో పట్టుకుపోతున్నవాళ్లు కూడా అదే మాట అంటున్నారని మీరే రాశారు. నా అభిప్రాయంలో అసలు విషయం వేరు. ఎవరైనా మంచిపని చేసినప్పుడు జనం దాన్ని ఉత్త పనిగా చూడరు, చేసినవాడి లోపలి బుద్ధికి సాక్ష్యంగా చూస్తారు. పైగా ఆ సాక్ష్యాన్ని చదవకముందే ఆ మనిషి లోపల ఏముందో వాళ్లకు ఒక నమ్మకం ఏర్పడి ఉంటుంది. పని నిన్నటిది, నమ్మకం ఇరవై ఏళ్లది. రెండూ తగవు పడితే చాలాసార్లు పాతదే నెగ్గుతుంది.

ఈ చదవడంలో మూర్ఖత్వమేమీ లేదన్నది గమనించాలి. ఒక పనికి బయటి కారణం ఏదైనా కళ్లకు కనబడుతూ ఉంటే, లోపలి కారణానికి మనం ఇచ్చే విలువ ఆ మేరకు తగ్గిపోతుందని హెరాల్డ్ కెల్లీ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970ల తొలి సంవత్సరాల్లో సూత్రీకరించాడు. మీ వ్యాపారి విషయంలో బయటి కారణాలకు కొదవ లేదు: పంచాయతీ ఎన్నికల మీద ఆశ, వసూళ్లలో పోగుపడిన చెడ్డపేరు, వయసు మీదపడ్డాక వచ్చే పాపభీతి. మాస్టారికి మాత్రం నోటుపుస్తకాల వల్ల ఏం కలిసొస్తుందో ఊహించడానికి కూడా ఎవరికీ తోచదు, కనుక ఆ పుస్తకాలు నేరుగా ఆయన మనసులోంచి వచ్చాయని ఊరు అనుకుంటుంది. కోర్టులో సాక్షిని నమ్మేముందు అతనికి ఆ కేసులో లాభమేమైనా ఉందా అని వకీలు అడిగే ప్రశ్నే ఊరు కూడా అడుగుతోంది.

లాభం ఒక్కటే కాదు, ఆ పని ఎంత తొందరగా జరిగిందన్నది కూడా సాక్ష్యమవుతుంది. క్రిచర్, ఇన్బార్, పిజారో అనే ముగ్గురు పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, దారిలో డబ్బున్న పర్సు దొరికిన ఇద్దరి సంగతి చదివించారు: ఒకడు మరో ఆలోచన లేకుండా తిరిగి అప్పగించాడు, మరొకడు చాలాసేపు తర్జనభర్జన పడి అప్పగించాడు. సొంతదారుకు డబ్బు చేరడంలో ఏ తేడా లేకపోయినా, వెంటనే ఇచ్చినవాణ్ణే జనం ఎక్కువ మంచివాడన్నారు; పర్సు దాచేసుకున్న సందర్భంలోనైతే వెంటనే దాచినవాడు మరింత చెడ్డవాడయ్యాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో కొబ్బరినీ జీడినీ నేలకు పడగొట్టిన తరవాతి రోజుల్లో ఇది నేను కళ్లారా చూశాను. కరెంటు లేక బోర్లు ఆగిపోయినప్పుడు జనరేటరును ట్రాక్టరు మీద పెట్టుకుని వీధి వీధికీ తిప్పి బిందెలు నింపించిన ఒక టెంటుహౌసు మనిషి పేరు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఈనాటికీ చెప్పుకుంటారు. కొన్ని రోజులు గడిచాక ఒక లారీ వచ్చింది. దాన్లో బియ్యం చాలా ఎక్కువే, కాని బస్తాలకన్నా ముందు దాని మీదనుంచి దిగింది ఫ్లెక్సీ. దాన్ని రెండు కొబ్బరిమొద్దుల మధ్య బిగించి కట్టేదాకా పంపకం మొదలుకాలేదు. ఆ బియ్యం తిననివాళ్లు లేరు, ఆ దాతను మెచ్చుకున్నవాళ్లూ లేరు.

ఇక్కడినుంచి విషయం కొంచెం చిక్కుపడుతుంది, ఎందుకంటే మనుషులు సాటిమనిషి లోపలి స్వభావాన్ని చెడ్డగా ఊహించుకుంటారని మీ ఉదాహరణ చూస్తే అనిపిస్తుంది గాని, పరిశోధనలు చెప్పేది దాదాపు దానికి వ్యతిరేకం. జార్జ్ న్యూమన్, పాల్ బ్లూమ్, జాషువా నోబ్ అనేవారు 2014లోనూ, ఆ తరవాతి ఏడు మరొక బృందంగానూ ప్రచురించిన అధ్యయనాల్లో తేలినదేమంటే, ప్రతి మనిషికీ లోలోపల ఒక ‘అసలు తాను’ ఉంటుందని, అది మంచిదేనని జనం గట్టిగా నమ్ముతారు. చెడ్డవాడు మంచివాడుగా మారితే ‘ఇప్పుడు అసలు మనిషి బయటికొచ్చాడు’ అంటారు. మంచివాడు చెడిపోతే అది అతని అసలు స్వభావమని అనరు, పరిస్థితులో మనుషులో చెడగొట్టారంటారు. రష్యా, సింగపూరు, కొలంబియా దేశాల్లో అడిగినా ఇదే వంపు కనిపించిందని 2018లో మరొక పరిశోధన చెప్పింది. తాగుడు మానేసిన కొడుకు గురించి మన తల్లులు చెప్పే మాట ఇదే కదా: ‘మావాడి బుద్ధి మొదటినుంచీ మంచిదే, మధ్యలో సావాసదోషం.’ ఆ కొడుకు పదేళ్లు తాగి పదినెలలు మానినా సరే, పదేళ్లు సావాసానికి జమ, పదినెలలు స్వభావానికి జమ.

దీనికి దగ్గరిదే ఇంకొకటుంది. పిజారో, ఉల్మన్, సాలొవీ 2003లో చూపించినదాని ప్రకారం, ఒళ్లుతెలియని కోపంలో చేసిన తప్పుకు జనం నింద తగ్గిస్తారు, కాని ఒళ్లుతెలియని జాలిలో చేసిన మేలుకు మెప్పు తగ్గించరు. రెండిట్లోనూ మనిషి తన అదుపులో లేడు గనుక న్యాయంగా రెండూ ఒకటే కావాలి. కాని కోపం చల్లారాక ‘ఇలా చేసి ఉండకూడదు’ అని అతనే అనుకుంటాడనీ, జాలి విషయంలో అలా అనుకోడనీ మనం ముందే ఊహించుకుంటాం. అంటే ఇక్కడ కూడా లోపలివాడు మంచివాడేనన్న ఊహ మన తీర్పులో దూరి కూర్చుంది.

మరి ఇంత ఉదారమైన నమ్మకం మీ వ్యాపారికి ఎందుకు దక్కలేదు? రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, లోపలి మంచితనం బయటపడిందని నమ్మాలంటే ఆ మార్పు బేరం కాకూడదు. బేరమన్న అనుమానం ఒక్కటి చాలు, ఆ ద్వారం మూసుకుపోతుంది. రెండోది, మారాడని ఒప్పుకోవడానికి కావలసిన సాక్ష్యం రెండు వైపులా సమానం కాదు. నదావ్ క్లైన్, ఎడ్ ఓబ్రయన్ 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, మనిషి చెడిపోయాడని తేల్చడానికి కొద్దిపాటి చెడ్డపనులు సరిపోయాయి, బాగుపడ్డాడని తేల్చడానికి అంతకన్నా ఎక్కువ మంచిపనులు కావలసివచ్చాయి. కనుక ఒక్క ప్లాంటుతో పేరు మారిపోతుందని ఆయన అనుకుని ఉంటే లెక్క తప్పినట్టే.

దీని మీద చూసేవాడి సొంత సిద్ధాంతం ఇంకొంత ఉప్పూకారం చల్లుతుంది. స్వభావం మారదని నమ్మేవాళ్లు ఒక్క పనినుంచే మనిషి మొత్తాన్ని తేల్చేస్తారని, మారుతుందని నమ్మేవాళ్లు పరిస్థితిని కూడా అడిగి తెలుసుకుంటారని కరోల్ డ్వెక్, ఆమె సహచరులు 1990లలో అమెరికా, హాంకాంగ్ విద్యార్థులమీద చేసిన అధ్యయనాల్లో చూపించారు. మనకైతే రెండు సిద్ధాంతాలూ నాలుక చివరే ఉంటాయి. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అనే నోటితోనే, దారిదోపిడీ చేసేవాడు వాల్మీకి అయిన కథ కూడా చెబుతాం. ఏది ఎవరికి వర్తింపజేయాలన్నది మనకు వాళ్లు ఏమవుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. మేనల్లుడికి వాల్మీకి, షావుకారుకు పుడకలు.

మీ ప్రశ్నలో అన్యాయం అసలు ఎక్కడుందో చూపించే ప్రయోగం మరొకటుంది, అది అందరూ తెలుసుకోదగినది. న్యూమన్, డేలియన్ కేన్ 2014లో ప్రచురించారు. ఒకడికి ఒక అమ్మాయి మనసు గెలుచుకోవాలని ఉంటుంది. ఆమె పనిచేసేచోటే తానూ పనికి చేరతాడు. కొందరికి ఇచ్చిన కథలో అది కాఫీ దుకాణం, మిగతావారికి ఇచ్చిన కథలో నిలువనీడ లేనివాళ్లకు ఆశ్రయమిచ్చే సేవాకేంద్రం. సేవాకేంద్రంలో చేరినవాడివల్ల కనీసం కొందరికి అన్నం దొరికింది, కాఫీ దుకాణం వాడివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. అయినా సేవ చేసినవాడినే జనం తక్కువ నీతిమంతుడన్నారు. మంచిపనిలో స్వార్థం కలిస్తే, మంచే చేయని ఉత్త స్వార్థం కన్నా అది నీచమైపోయిందన్నమాట. తరవాత పరిశోధకులు ‘అతను అసలు సేవ జోలికే పోకుండా ఉండవచ్చు కదా’ అన్న సంగతి గుర్తుచేసి చూస్తే, ఆ తేడా చాలావరకు పోయింది. సేవలో స్వార్థం కలిపినవాణ్ణి మనం నిస్వార్థ సేవకుడి పక్కన నిలబెట్టి చూస్తున్నాం గాని, ఏమీ చేయనివాడి పక్కన నిలబెట్టడం మనకు తట్టదు.

మీ ఊరికి దీన్ని అన్వయించి చూడండి. నూటికి మూడు రూపాయలకు అప్పులిచ్చేవాడు మీ ఊళ్లో ఆయన ఒక్కడే కాదని మీరు రాశారు. మిగతావాళ్లు ఊరికి ఒక్క బిందె నీళ్లు ఇవ్వలేదు, వాళ్లను గురించి ఒక్కరూ మాట్లాడరు. ప్లాంటు పెట్టినందుకు ఈయన్ను మాత్రం మాస్టారి పక్కన నిలబెట్టి కొలిచారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని నేటికీ తేలకపోయినా, నీళ్లమీద జనానికి ఉన్న భయం తెలిసినవారెవరూ అక్కడ మంచినీళ్ల ప్లాంటును చిన్నవిషయం అనలేరు. ఈ మేరకు ఊరి తీర్పు తప్పు, సంఘంలో శాలువా కప్పాలన్నవారి వాదనలో బలం ఉంది.

అయితే ఆ వాదనకు నేను పూర్తిగా లొంగను. నేనింతవరకు చెప్పిన ప్రయోగాలు ఎక్కువగా అమెరికావాళ్లమీద చేసినవి. మేలు చేసేవాడికి తిరిగి ఏదో వస్తే ఆ మేలు మైలపడుతుందన్న పట్టింపు మన దగ్గర అదే రూపంలో లేదని చూపించే పరిశోధన ఒకటి మన దేశంలోనే, మైసూరులో జరిగింది. జోన్ మిల్లర్ అనే ఆవిడ, డేవిడ్ బెర్సాఫ్‌తో కలిసి 1994లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇంతకుముందు తనకు సాయం చేసినవాడికి తిరిగి సాయం చేస్తే, అందులో లోపలి ఇష్టం తగ్గినట్టు అమెరికన్లు భావించారు, మైసూరువాళ్లు భావించలేదు. బాధ్యతా ఇష్టమూ ఒకదాన్నొకటి తినేస్తాయని వాళ్లకు అనిపించలేదు. అంతకుముందు 1990లో వచ్చిన మరో అధ్యయనంలో, చిన్నపాటి అవసరంలో ఆదుకోవడాన్ని కూడా భారతీయులు కర్తవ్యంగా చూస్తే, అమెరికన్లు దాన్ని ఎవరిష్టం వారిదన్నారు.

మన పెళ్లిళ్లలో చదివింపుల బల్ల గుర్తు తెచ్చుకోండి. పందిరి వారన బల్ల వేసుకుని కూర్చున్న పెద్దమనిషి పేరూ ఊరూ అడిగి, కవరు విప్పి, నోట్లు లెక్కపెట్టి, గీతలు కొట్టిన పుస్తకంలో రాసుకుంటాడు. రేపు వాళ్లింట్లో శుభకార్యం వస్తే ఆ పుస్తకం తీసి, అంతకు తగ్గకుండా చదివిస్తారు. ఈ లెక్క అందరికీ తెలుసు. అయినా మేనమామ చదివించిన డబ్బులో ప్రేమ లేదని ఎవరూ అనరు. ఇక పేరు సంగతంటారా, మన గుళ్లలో సీలింగు ఫ్యాను రెక్కలమీద కూడా దాతల పేర్లుంటాయి, ఒక్కో రెక్క ఒక్కో కుటుంబం వారిది (తిరిగేటప్పుడు ఎవరూ చదవలేరు, అది వేరే సంగతి). శ్రీకూర్మం దేవాలయ స్తంభాలమీద శతాబ్దాల కిందట చెక్కిన దానశాసనాలు చూడండి. అఖండదీపం వెలగడానికి ఇంత ఇచ్చాను, నా కోరిక నెరవేరడానికి ఇచ్చాను అని బాహాటంగా రాయించుకున్న దాతలు ఈ ప్రాంతపు శాసనాల్లో చాలామంది. నరహరితీర్థులవంటి యతి పేరు కూడా 1281 నాటి శాసనంలో అక్కడే ఉంది. దానానికి ఫలం కోరడం, పేరు చెక్కించుకోవడం ఈ నేలమీద ఎప్పుడూ దాపరికం కాలేదు.

కనుక ‘ఊరికినే ఇస్తాడేటి’ అన్న మాటను, ప్రతిఫలం ఆశించాడన్న ఫిర్యాదుగా మాత్రమే తీసుకుంటే మీ ఊరిని తప్పుగా అర్థం చేసుకున్నట్టు. మిల్లర్ 1984లో ప్రచురించిన తొలి పరిశోధనలో ఒక మైసూరు మనిషి చెప్పిన సంఘటన ఉంది. వకీలు ఒకాయన మోటారుసైకిలు మీద వెళుతుంటే టైరు పేలి, వెనక కూర్చున్నవాడి తలకు దెబ్బ తగిలింది. వకీలు అతణ్ణి ఆసుపత్రిలో దింపి, దెబ్బ ఎంత తీవ్రమో కనుక్కోకుండానే కోర్టుకు వెళ్లిపోయాడు. దెబ్బ తిన్నవాడు చనిపోయాడు. అమెరికన్లు ఎక్కువగా వకీలు బుద్ధిని తప్పుపట్టారు, బాధ్యత లేనివాడన్నారు. మనవాళ్లు ఎక్కువగా ఆయన స్థానాన్ని చూశారు: కక్షిదారు కోసం కోర్టులో ఉండవలసినవాడు, దెబ్బ అంత పెద్దదని తోచి ఉండదు, అన్నారు. అంటే మనం మనిషిని విడిగా కాక, ఎవరికి ఏం బాకీపడి ఉన్నాడో దాంతో కలిపి చూస్తాం.

ఈ చూపుతో చూస్తే ఊరి కోపానికి అర్థం దొరుకుతుంది. అప్పిచ్చినవాడినుంచి అప్పు తీసుకున్నవాడు మంచినీళ్లు ఆశించడు. చెట్లు కూలిన ఏడాది వడ్డీ ఆపుతాడేమోనని ఆశిస్తాడు. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుందని అప్పిచ్చినవాడికి తెలియనిది కాదు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పయ్యారు. ప్రోనోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది గనుక, ఆలోపే వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయించుకోవడం మామూలు. తిత్లీనాటి నోటు ఇప్పటికి రెండుసార్లయినా తిరగరాసి ఉంటారు. ఆ ఇంటివాడు ప్లాంటు దగ్గర టిన్ను పెట్టి నిలబడ్డప్పుడు, ఇవ్వవలసినచోట ఇవ్వకుండా ఇవ్వనక్కరలేనిచోట ఇచ్చాడని అనుకోవడం అసూయా కాదు, మనస్తత్వవేత్తలు చెప్పే పొరపాటూ కాదు. ఆయన ఖాతాపుస్తకం నాకన్నా మీకన్నా ఆ ఇంటివాడికే బాగా తెలుసు. మాస్టారు ఊరికి ఏమీ బాకీలేరు, అందుకే ఆయన ఇచ్చిన నోటుపుస్తకం పూర్తిగా దానమైంది.

స్వభావం మీద నమ్మకం తీర్పును పాడుచేసేది చెడ్డవాళ్ల విషయంలోనే అనుకుంటారేమో. నిజానికి మంచివాళ్ల విషయంలో దానివల్ల జరిగే నష్టం ఎక్కువ. మన పట్టణాల్లో చీటీలు కట్టి మునిగినవాళ్లను అడిగి చూడండి. చీటీ నడిపినవాడు వడ్డీవ్యాపారి అయితే ఎవరూ రశీదు లేకుండా డబ్బిచ్చేవారు కాదు. గుడి కమిటీలో ఉన్నాడు, అయ్యప్పమాల వేస్తాడు, పిల్లల ఫీజులు కట్టాడు అని నమ్మి ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు పాటదారులకు డబ్బు ఆలస్యమైనప్పుడు కూడా ‘ఆయన అలాంటివాడు కాదు, ఎక్కడో ఇరుక్కుని ఉంటాడు’ అని వాళ్లే సర్దిచెప్పుకున్నారు. సాయంగా చేసిన పనులన్నీ స్వభావానికి జమకట్టి, తేడా వచ్చిన పనులన్నీ పరిస్థితులకు జమకట్టడం అంటే ఇదే. మీ మాస్టారిని నేను అనుమానించడం లేదు. ఆయన ఇంకేదైనా డబ్బు వ్యవహారం చేపడితే మాత్రం షావుకారును అడిగే రశీదే ఆయన్నీ అడగండి.

దీనికి మరో కొస కూడా ఉంది. నోబ్ 2003లో ఒక చిన్న కథ చెప్పి జనాన్ని అడిగాడు. కంపెనీ ఛైర్మనొకడు కొత్త పథకం మొదలుపెడతాడు. పర్యావరణం ఏమైనా తనకు పట్టదని, లాభమే కావాలని అంటాడు. పర్యావరణం పాడైన కథ విన్నవారిలో 82 శాతం అతను కావాలనే పాడుచేశాడన్నారు; బాగుపడిన కథ విన్నవారిలో 23 శాతమే కావాలని బాగుచేశాడన్నారు. మన జిల్లాల్లో ఫ్యాక్టరీ లారీల కోసం వేసిన రోడ్డుమీద ఊరంతా నడుస్తుంది, ఆ రోడ్డుకు ఫ్యాక్టరీని ఎవరూ మెచ్చుకోరు. అదే లారీల దుమ్ముకు ఫ్యాక్టరీని తిట్టనివారుండరు. నాకు ఇది తప్పనిపించదు, ఎందుకంటే మేలు చేశానని చెప్పుకోవాలంటే ఆ మేలు పట్ల మనిషికి కాస్తయినా పట్టింపు ఉండాలి, కీడు జరగకుండా చూడవలసిన బాధ్యత మాత్రం పట్టింపు లేనివాడిమీద కూడా ఉంటుంది.

ఇక శాలువా సంగతి. నా సలహా ఏమంటే, నీళ్లను నీళ్లుగా, మనిషిని మనిషిగా విడివిడిగా తూచండి, ప్రారంభోత్సవం రోజున మొదటిది మాత్రం తూచండి. ప్లాంటు ఎవరు, ఎప్పుడు, ఎంత ఖర్చుతో పెట్టించారో బోర్డుమీద ఉన్నదున్నట్టు రాయించండి, ఆయన పేరు దాచవద్దు. ఏమీ ఇవ్వని తోటి వ్యాపారులు రేపు ఇవ్వాలన్నా ఈ మర్యాద అవసరం. ‘దానకర్ణుడు’, ‘ఆపద్బాంధవుడు’ వంటి బిరుదులు మాత్రం బోర్డుమీదికి రానివ్వకండి, అవి పనిని దాటి స్వభావానికి ఇచ్చే తీర్పులు, ఆ తీర్పు ఇచ్చే అర్హత అప్పుల్లో ఉన్న ఇళ్లకు ఉంది గాని సంఘానికి లేదు. శాలువా కప్పాలని మెజారిటీ పట్టుపడితే, ప్లాంటు నడిపే కుర్రవాడికీ, స్థలమిచ్చినవారికీ కూడా అదేరోజు కప్పండి. కుర్రకారు అల్లరి చేసి ఆయన్ను సభలో అవమానించడం మాత్రం నేను ఒప్పుకోను.

ఆయనతో మీకు మాట్లాడే చనువుంటే, సభకు ముందే ఇంటికి వెళ్లి, తిత్లీనాటి నోట్లమీద వడ్డీ అసలులో కలపకుండా ఒక్కసారి లెక్క చూడమని పెద్దల చేత చెప్పించండి. వింటారా అంటే నేను హామీ ఇవ్వలేను. వింటే మాత్రం ఊరు ఆయన్ను చూసే చూపు ప్లాంటుకన్నా ఆ లెక్కతోనే ఎక్కువ మారుతుంది, అదీ ఒక్కరోజులో కాదు. ఇంకో సంగతి, ఇలాంటి ప్లాంట్లలో ఎక్కువభాగం మూతపడేది దాత బుద్ధివల్ల కాదు. ఫిల్టర్లు మార్చేవాడు లేక, మెంబ్రేను పాడైతే కొనేవాడు లేక, కరెంటు బిల్లు ఎవరిదో తేలక మూతపడతాయి. ఆ ఖర్చులు ఆయన భరిస్తారా, పంచాయతీ భరిస్తుందా, టిన్నుకు ఇంతని వసూలు చేస్తారా, వసూలైన డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుందన్నది కాగితం మీద రాసి ముగ్గురు నలుగురి సంతకాలు పెట్టించండి. వృథాగా పోయే నీరు ఎటు వదలాలో కూడా అందులోనే రాయండి, లేకపోతే పక్క స్థలం వారితో తగవు మీ సంఘం మెడకే చుట్టుకుంటుంది.